తిబేరియస్ చెంప మీద ఆ ఉలిగాటు ఎందుకు?

ప్రశ్న:
బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న ఒక రోమన్ బంగారు నాణెం ఫొటోను రెండు రోజులుగా చూస్తూనే ఉన్నాను. తమిళనాడులోని పుదుక్కోట్టై దగ్గర 1898లో బయటపడిన 501 నాణేల్లో అదొకటి. ముందువైపు తిబేరియస్ చక్రవర్తి తల, తలకు లారెల్ ఆకుల దండ, చుట్టూ తాను దివ్య అగస్టస్ కుమారుణ్ణని చాటే లాటిన్ అక్షరాలు. వెనకవైపు రాజదండం, కొమ్మ పట్టుకుని కూర్చున్న స్త్రీ. జుట్టు పాయలు లెక్కపెట్టుకోవచ్చు, అంత నాజూకు పని! కానీ చెంప మీద లోతైన గాటు. ఆ నిధిలో నూటికి తొంభైకి పైగా నాణేలది ఇదే గతి అని చదివి ప్రాణం ఉసూరుమంది. ఎవరికి అంత కోపం?

జవాబు 1:
మాది బంగారం పని చేసే ఇల్లు. నాకు అందులో కోపం కనిపించడం లేదు. ఉలి దిగినచోట లోహం పక్కకు ఒత్తుకుంటుందే తప్ప రవ్వంతైనా రాలదు, త్రాసులో బరువు మారదు. పరీక్ష కోసమని కొందరంటారు. నిజమే, గీటురాయి పైపొర సంగతే చెబుతుంది, లోపల రాగి ఉందో లేదో కోస్తేనే తెలుస్తుంది. అయితే దానికి అంచున చిన్న గాటు చాలు. ఏరికోరి రాజు ముఖం మీదే కొట్టారంటే, ఇక ఇది పరదేశపు నాణెంగా చెల్లదు, వట్టి బంగారమే అని చెప్పడానికేనని నా నమ్మకం.

జవాబు 2:
బరువు మాట చాలా ముఖ్యం. క్రీ.శ. 64లో, తిబేరియస్ తర్వాతి కాలపు చక్రవర్తి నీరో ఈ రకం నాణెం బరువు తగ్గించి, ఒక రోమన్ పౌను బంగారంతో 45 నాణేలు కొట్టించాడు. బొమ్మ ఎంత ఘనంగా ఉన్నా మన వర్తకులు తూచే తీసుకుని ఉంటారు. మన వినుకొండ దగ్గరా రోమన్ బంగారు నాణేలు దొరికాయి. ‘దీనారం’ అనే మాట కూడా రోమన్ల వెండి నాణెం ‘దెనారియస్’ పేరు నుంచి వచ్చిందే.

ప్రశ్న అడిగినవారు:
ఫొటోను పెద్దది చేసి మళ్లీ చూశాను. మీరన్నట్టే గాటుకు రెండు పక్కలా బంగారం సన్నని గట్టులా లేచి ఉంది. ఒకటే దెబ్బ. చెవి ముందు మొదలై ముక్కు దగ్గర ఆగింది. కన్ను జోలికి పోలేదు.