అప్‌డేట్: 9 రోజుల మెస్ కట్‌కి 3 రోజులే తగ్గించడం – కారణం దొరికింది

కాకినాడ హాస్టల్లో సంక్రాంతికి 9 రోజులు మెస్ కట్ (తినని రోజులకి భోజనం ఖర్చు తగ్గించమని ముందే రాసివ్వడం) పెడితే బిల్లులో 3 రోజులే తగ్గాయని ఇంతకుముందు ఇక్కడ అడిగాను, కారణం తేలింది. జవాబులిచ్చిన అందరికీ థాంక్స్.

"బిల్లు కాదు, మెస్ రిజిస్టర్ చూడండి" అన్న సలహాయే పనిచేసింది. నా పేరు ఎదురుగా 11, 12, 13 తేదీలకే ఎర్ర సిరాతో 'క' (అంటే కట్) అని ఉంది. కట్ కోసం రాసిచ్చే కొత్త స్లిప్పులో తిరిగొచ్చే తేదీ గడి వెనక వైపుంది. అది ఖాళీగా వదిలేస్తే కనీస కట్ 3 రోజులే వేస్తారు. వెనక్కి తిప్పి చూసేవాడెవడు! బస్సు టికెట్లు జతచేసి డిప్యూటీ వార్డెన్‌కి అర్జీ పెడితే మిగతా 6 రోజులు వచ్చే బిల్లులో సర్దుతామన్నారు.

లెక్క: నెల సరుకుల ఖర్చు 2,30,400, విద్యార్థులందరి హాజరు కలిపి 2,400 రోజులు, అంటే రోజుకి 96. ఆరు రోజులకి 576 రూపాయలు.

బిల్లులో గ్యాస్, వంటవాళ్ల జీతాల కింద వేసిన 540 రూపాయల మీద నాకొచ్చిన అనుమానం అనవసరం. అది తలకింత, కట్‌తో తగ్గదు.

స్లిప్పు ముందురోజు సాయంత్రం 6 లోపే ఇవ్వండి. ఆ తర్వాత మర్నాటి ఇండెంట్ (కావలసిన సరుకుల జాబితా) వెళ్లిపోతుంది, ఆ రోజు ఖర్చు మీ ఖాతాలోనే పడుతుంది.