ఒకే నెలలో రెండుసార్లు చందా సొమ్ము ఎందుకు పోయింది?

ప్రశ్న:
నేను చందా కడుతున్న వీడియో స్ట్రీమింగ్ సంస్థ పేరుతో ఈ నెల కార్డు స్టేట్‌మెంటులో రెండు పద్దులు కనిపిస్తున్నాయి. మొదటిది నా ప్లానుకు సరిపోయింది. వారం తరువాతి రెండోదానిలో మొత్తం వేరుగా, సంస్థ పేరు చివర అక్షరాలు తేడాగా ఉన్నాయి. నా ఖాతాలోని చెల్లింపుల వివరాల్లో అది లేనే లేదు. కార్డు వివరాలు ఎవరి చేతికైనా చిక్కాయేమోనని ఆందోళనగా ఉంది.

సమాధానం 1:
ముందుగా ఆ పద్దు ఖరారైందో, పెండింగులో ఉందో చూడండి. కార్డు చెల్లుతుందో లేదో తెలుసుకోవడానికి నిలిపి ఉంచిన మొత్తమైతే కొద్ది రోజుల్లో దానంతటదే తొలగిపోతుంది.

సమాధానం 2:
ఖరారైతే, అదే కార్డుతో మరో ఖాతా నడుస్తున్నదేమో వెతకాలి. నా విషయంలో, ఎప్పుడో వదిలేసిన పాత ఈమెయిలులో ‘ట్రయల్’ అని వెతికితే, టీవీలో మా అబ్బాయి నొక్కిన ఉచిత ట్రయల్ గడువు తీరి చందాగా మారినట్టు రసీదు దొరికింది. యాప్ స్టోరు ద్వారా తీసుకున్న చందాలు అక్కడి సబ్‌స్క్రిప్షన్ల జాబితాలోనే కనిపిస్తాయి. యాప్‌ను ఫోన్‌లోంచి తీసేసినంత మాత్రాన చందా రద్దు కాదని చాలామందికి తెలియదు.

సమాధానం 3:
ఇవేవీ కాకపోతే ఆలస్యం చేయకుండా బ్యాంకుకు ఫిర్యాదు చేసి, కార్డు మార్పించుకోండి. సంస్థ సహాయ నంబరును మాత్రం దయచేసి గూగుల్‌లో వెతకకండి, అక్కడ మోసగాళ్ల నంబర్లూ ఉంటాయి. యాప్‌లోని సహాయ విభాగం నుంచే సంప్రదించండి.

ప్రశ్న అడిగినవారు:
రసీదు దొరికింది. అది మా నాన్నగారి టాబ్లెట్‌లో తీసుకున్న అదనపు ఛానెల్ చందా. ఇప్పుడే రద్దు చేశాను. అందరికీ కృతజ్ఞతలు.