ప్రైవేట్ హైస్కూల్లో వాలీబాల్‌కి స్కాలర్‌షిప్ ఇస్తారా? (డాలస్ ఏరియా)

గుంటూరు_టు_ఫ్రిస్కో:
అందరికీ నమస్తే. మా అమ్మాయి ఇప్పుడు ఎనిమిదో గ్రేడ్, క్లబ్ వాలీబాల్‌లో సెట్టర్‌గా ఆడుతుంది, బాగానే ఆడుతుందని క్లబ్‌లో అందరూ అంటారు. మొన్న ఒక టోర్నమెంట్‌లో ఇక్కడి ఒక ప్రైవేట్ స్కూల్ కోచ్ మా దగ్గరికి వచ్చి "మా స్కూల్‌కి పంపండి, ఫీజు సంగతి మేం చూసుకుంటాం" అన్నారు. వెబ్‌సైట్ చూస్తే ఫీజు ఏడాదికి ముప్ఫై వేల డాలర్ల పైన ఉంది. నాదొక్కడి జీతమే, మా ఆవిడ హెచ్4లో (డిపెండెంట్ వీసా) ఉంది, ఈఏడీ (పని చేసే పర్మిట్) లేదు, ఊళ్ళో అమ్మానాన్నలకి ప్రతి నెలా పంపాలి. నిజంగా ఆటకి ఫుల్ స్కాలర్‌షిప్ ఇస్తారా? వీసా మీద ఉన్నవాళ్ళకి ఇస్తారా? గుంటూరు దగ్గర ఒక ప్లాట్ ఉంది, అది కూడా చూపించాలా? పాప అప్పుడే స్నేహితులకి చెప్పేసుకుంది, నాకు టెన్షన్‌గా ఉంది.

ప్లేనో_రామ్:
అన్నా, సూటిగా చెప్తా. ఆటకి స్కాలర్‌షిప్ ఇవ్వరు. ఇవ్వకూడదు కూడా. టెక్సస్‌లో ప్రైవేట్ స్కూళ్ళు చాలావరకు ట్యాప్స్ అనే సంఘం కింద ఆడతాయి, ఆట చూసి ఫీజు తగ్గించడం, కోచ్‌లు వేరే చోట ఆడే పిల్లల్ని పిలుచుకోవడం రెండూ ఆ నిబంధనలకి విరుద్ధం. ఇది టెక్సస్ ఒక్కదానిలోనే కాదు, న్యూజెర్సీలో అంతే, న్యూ ఇంగ్లండ్ ప్రెప్ స్కూళ్ళలో అంతే. బయటపడితే నష్టం ముందు పిల్లకే, ఆడే అర్హత పోతుంది. కాబట్టి ఆ కోచ్ మాట మీద ఏమీ పెట్టుకోవద్దు. ఫీజు తగ్గించే అధికారం కోచ్‌కి ఉండదు, అడ్మిషన్ ఆఫీసు, ఫైనాన్షియల్ ఎయిడ్ కమిటీ చూస్తాయి, అదీ మీ ఇంటి ఆదాయం బట్టి. ఆట వల్ల లాభం లేదని కాదు, సీటు దగ్గర బాగా పనికొస్తుంది. డబ్బు దగ్గర మాత్రం లెక్క వేరు.

మీరే అడ్మిషన్ ఆఫీసుకి ఫోన్ చేసి, కోచ్ పేరు ఎత్తకుండా, ఎయిడ్ ఎలా ఇస్తారో, మా లాంటి ఆదాయానికి మామూలుగా ఎంత వస్తుందో అడగండి. చెప్పిందంతా ఈమెయిల్‌లో పంపమనండి.

ఎడిసన్_అక్క:
తమ్ముడూ, మా బాబు స్కూల్ ఎయిడ్ కోసం ఈ ఫారాలన్నీ నింపాం కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

చాలా స్కూళ్ళు ఎస్‌ఎస్‌ఎస్ అనే సంస్థ వాళ్ళ పీఎఫ్‌ఎస్ (తల్లిదండ్రుల ఆర్థిక వివరాలు) అనే ఫారం వాడతాయి, కొన్ని ఫ్యాక్ట్స్ అనే వేరే సంస్థది వాడతాయి. మీ 1040 (ట్యాక్స్ రిటర్న్), డబ్ల్యూ-2 (జీతం వివరాల ఫారం) అన్నీ అడుగుతారు. అవి చూసి మీరు ఎంత కట్టగలరో ఒక అంచనా వేస్తారు, ఆఖరి మాట మాత్రం స్కూల్‌దే. ముఖ్యమైన సంగతి ఏంటంటే అడ్మిషన్ అప్లికేషన్‌తో పాటే ఎయిడ్ అప్లికేషన్ కూడా వెళ్ళాలి. సీటు వచ్చాక చూద్దాంలే అనుకుంటే ఆ ఏడాది డబ్బు అప్పటికే పంచేసి ఉంటారు.

మీ ఆవిడ విషయం జాగ్రత్త. పిల్లలు పెద్దవాళ్ళయ్యాక కూడా తల్లిదండ్రుల్లో ఒకరు పని చేయకపోతే, చేస్తే ఇంత వచ్చేది కదా అని ఒక జీతం ఊహించి కలిపే స్కూళ్ళు ఉన్నాయి. ఈఏడీ లేకుండా హెచ్4 మీద పని చేయడానికి చట్టం ఒప్పుకోదని చాలామంది ఆఫీసర్లకి తెలియదు. అందుకే ఒక పేజీ లెటర్ రాసి, ఐ-797 (వీసా స్టేటస్ ఆమోదం నోటీసు) కాపీ జత చేయండి. అమ్మానాన్నలకి పంపే డబ్బు సంగతి కూడా అందులోనే రాసి, బ్యాంకు ట్రాన్స్‌ఫర్ రసీదులు పెట్టండి. ఫారంలో అంకెలే కనిపిస్తాయి, మీ ఇల్లు ఎలా నడుస్తోందో లెటర్ చూస్తేనే తెలుస్తుంది.

వీసా అడ్డు కాదు. అది స్కూల్ సొంత డబ్బు, ఎవరికివ్వాలో వాళ్ళ ఇష్టం. ప్రభుత్వ పథకాల డబ్బైతే నిబంధనలు వేరుగా ఉంటాయి.

ప్లాట్ తప్పకుండా చూపించాలి. దయచేసి దాచొద్దు. ఇండియాలో ఉంటే వాళ్ళకేం తెలుస్తుందిలే అని మనవాళ్ళు కొందరు సలహా ఇస్తారు, నాకు ఆ సలహా వింటేనే బాధేస్తుంది. తప్పుడు వివరాలని తేలితే ఎయిడ్ పోవడమే కాదు, పిల్ల స్కూల్లో తలెత్తుకోలేదు.

హాస్టల్లో ఉంచడానికి మీరు సిద్ధమైతే ఆండోవర్, ఎక్సెటర్ లాంటి బోర్డింగ్ స్కూళ్ళు కూడా చూడండి. 75 వేల డాలర్ల లోపు ఆదాయం ఉన్న ఇళ్ళ పిల్లలకి ఉచితమని ఎక్సెటర్ 2007లోనే ప్రకటించింది, తర్వాత ఆ హద్దు పెంచారు కూడా. ఆండోవర్‌లో సీటు ఇచ్చేటప్పుడు ఫీజు కట్టగలరా లేదా అన్నది చూడరు. ఇలాంటి బోర్డింగ్ స్కూళ్ళ ఫలితాలు మార్చి 10న వస్తాయి, ఏప్రిల్ 10 లోపు జవాబివ్వాలి.

వాలీబాల్_డాడ్:
పైన ఇద్దరూ చెప్పింది కరెక్ట్. నేను వేరే మాట అడుగుతా, అసలు ఎందుకు మారుస్తున్నారు? చదువు కోసమా, ఆ స్కూల్ పాపకి నచ్చిందా, అయితే సరే. కాలేజీ స్కాలర్‌షిప్ కోసం అయితే మాత్రం ఒకసారి ఆలోచించండి. హైస్కూల్లో ఆడే పిల్లల్లో కాలేజీలో స్పోర్ట్స్ స్కాలర్‌షిప్ దొరికేది దాదాపు రెండు శాతం మందికేనని కాలేజీ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏనే చెబుతుంది. ఐవీ లీగ్‌లో (హార్వర్డ్ లాంటి ఎనిమిది యూనివర్సిటీలు), డివిజన్ త్రీలో (ఎన్‌సీఏఏలో ఒక విభాగం) ఆటకంటూ స్కాలర్‌షిప్పే లేదు. పైగా వాలీబాల్‌లో కాలేజీ కోచ్‌లు ఎక్కువగా చూసేది క్లబ్ టోర్నమెంట్లనే, పాప అక్కడ ఎలాగూ ఆడుతోంది.

ఇంకోటి, ప్రైవేట్‌లో చేరాక కుదరక పబ్లిక్ స్కూల్‌కి తిరిగొస్తే యూఐఎల్ (టెక్సస్ పబ్లిక్ స్కూళ్ళ ఆటల సంఘం) వాళ్ళు పాత స్కూల్ నుంచి ఫారం తెప్పించుకుంటారు. ఆట కోసం మారారని తేలితే కనీసం ఏడాది వర్సిటీ (స్కూల్ ప్రధాన జట్టు) ఆడనివ్వరు. హైస్కూల్ ఉండేదే నాలుగేళ్ళు, అందులో ఒకటి పోవడం చిన్న విషయం కాదు.

గుంటూరు_టు_ఫ్రిస్కో:
అందరికీ చాలా థాంక్స్. పాపతో రాత్రి కూర్చుని మాట్లాడాం. ఆ స్కూల్లో క్లాసులు చిన్నవి, సైన్స్ ల్యాబ్ బాగుంది, అందుకే వెళ్ళాలనుంది అంటోంది, కాబట్టి అప్లై చేస్తాం. ఒకవేళ సగం ఫీజుకి ఎయిడ్ వస్తే మిగతా సగానికి 529లో (చదువు కోసం దాచే, పన్ను మినహాయింపు ఉండే ఖాతా) డబ్బు వాడొచ్చా? ఎయిడ్ నాలుగేళ్ళూ వస్తుందా?

ఎడిసన్_అక్క:
నాలుగేళ్ళకీ ఒకేసారి ఇవ్వరు, ప్రతి ఏడాదీ మళ్ళీ ఫారం నింపాలి. మీ జీతం పెరిగితే ఎయిడ్ తగ్గుతుంది, ఉద్యోగం పోతే వెంటనే చెప్పండి, మళ్ళీ చూస్తారు. మరీ తక్కువ ఇచ్చారనిపిస్తే కారణాలు రాసి అప్పీల్ చేయొచ్చు, అందులో మొహమాటపడాల్సింది ఏమీ లేదు. యూనిఫాం, పుస్తకాలు, ఆట ప్రయాణాలు ఎయిడ్‌లో కలుస్తాయో లేదో ముందే అడగండి, చాలాచోట్ల ట్యూషన్ ఒక్కటే.

ప్లేనో_రామ్:
529 వాడొచ్చన్నా. స్కూల్ ట్యూషన్‌కి 2018 నుంచి ఏడాదికి 10,000 డాలర్ల వరకు ఉండేది, 2026 నుంచి 20,000 చేశారు. కాలిఫోర్నియా లాంటి రాష్ట్రాల్లో అలా తీసిన డబ్బులోని లాభం మీద స్టేట్ ట్యాక్స్ పడుతుంది గానీ మన టెక్సస్‌లో ఆ గొడవ లేదు. అయితే పాప కాలేజీకి దాచిన డబ్బు అదొక్కటే అయితే నేనైతే ముట్టుకోను, ముందు ఎయిడ్ లెటర్ చేతికి రానివ్వండి.