అప్‌డేట్: మట్టి కుండీల పెయింట్ ఎందుకు ఊడిందో తెలిసింది

సంక్రాంతికి పిల్లలతో కలిసి మట్టి కుండీలకు ఎనామిల్ పెయింట్ వేశామని, నెల తిరగకుండానే పెచ్చులు ఊడిపోతున్నాయని అడిగాను కదా. పెయింట్ నాసిరకం అనుకున్నా. కాదు, తప్పు నాదే. మట్టి నీళ్లు పీల్చుకుంటుంది. లోపలి చెమ్మ గోడ గుండా బయటికొస్తూ పెయింట్‌ను బుడగల్లా లేపుతోంది. గోరుతో గీకితే అట్టలా ఊడొచ్చింది, వెనకాల తెల్లటి ఉప్పు పొడి.

ఎనిమిది కుండీలూ ఖాళీ చేసి, శాండ్ పేపర్‌తో రుద్ది, మూడు రోజులు ఎండబెట్టాం. నాలుగింటికి లోపల వాటర్‌ప్రూఫ్ కోటింగ్ రెండు పూతలు, బయట ప్రైమర్ (రంగు బాగా పట్టడానికి ముందు వేసే పూత), దానిమీద యాక్రిలిక్ పెయింట్. మిగతావాటికి అత్తయ్య ఒప్పుకోలేదు. "తులసికోటకి వేసినట్టు జాజు (ఎర్రమట్టి) పూసి సున్నంతో ముగ్గెయ్యమ్మా, పోతే మళ్లీ పూసుకోవచ్చు" అన్నారు. నిజం చెప్పాలంటే అవే ముద్దొస్తున్నాయి. మా చిన్నది పెట్టిన చుక్కలు వంకరే, అయినా ఆ కుండీనే గుమ్మం పక్కన పెట్టాం.

రెండు నెలలైంది. యాక్రిలిక్ చెక్కుచెదరలేదు. మొన్నటి వానకి జాజు కారి నేలంతా ఎర్ర మరకలు. ఆ జాజు కుండీల్ని చూరు కిందికి జరిపాను. అన్నట్టు, కోటింగ్ వేసేటప్పుడు అడుగు చిల్లు మూసుకుపోకుండా చూసుకోండి. నేను ఒకదానికి మూసేసి, మళ్లీ మేకుతో పొడవాల్సి వచ్చింది.