సర్వీసు ఆటోలో, టాక్సీలో ఎక్కిన ప్రతివారి వివరాలూ డిజిటల్‌గా నమోదు కావాలా?

అమలాపురం ఉపాధ్యాయుడు (చర్చ ప్రారంభం):

కరోనా వంటి మహమ్మారి మళ్ళీ వస్తే, మన డెల్టాలో తిరిగే ప్రతి సర్వీసు ఆటోలోనూ టాక్సీలోనూ డ్రైవరు సీటు వెనుక క్యూఆర్ కోడ్ అంటించి, ఎక్కినవారందరూ దాన్ని స్కాన్ చేసి పేరు, ఫోను నంబరు నమోదు చేసుకోవటాన్ని తప్పనిసరి చేయాలని నా అభిప్రాయం. కాదనేవారి వాదన కూడా వినాలని ఇక్కడ పెడుతున్నాను.

కరోనా కాలంలో రాష్ట్రంలో అత్యధికంగా కేసులు నమోదైన జిల్లాల్లో ఉమ్మడి తూర్పు గోదావరి ముందువరసలో ఉంది. పాజిటివ్ వచ్చిన మనిషిని ఆరోగ్య సిబ్బంది ముందుగా అడిగేది ఎవరెవరిని కలిశారనే. ఇంట్లోవాళ్ళ పేర్లు, ఇరుగుపొరుగువాళ్ళ పేర్లు చెప్పగలం. రావులపాలెంలో ఎక్కి, మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చుని, కొత్తపేటలో దిగిపోయిన మనిషి పేరు ఎవరు చెప్పగలరు? యాప్‌లో పిలిపించుకున్న కారుకైతే ఎవరు ఎక్కారో, ఎక్కడ దిగారో కంపెనీ దగ్గర లెక్క ఉంటుంది. మనవాళ్ళు ఎక్కువగా ఎక్కేది చెయ్యెత్తితే ఆగే బండి. దానికి ఏ లెక్కా లేదు. సింగపూర్‌లో 2020లోనే సేఫ్‌ఎంట్రీ పేరుతో టాక్సీల్లో సైతం ఇటువంటి కోడ్‌లు పెట్టారు. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో ప్రభుత్వ యాప్‌లో చేరిన వివరాలను 28 రోజుల తర్వాత చెరిపేసేవారు.

ముమ్మిడివరం ఆటో డ్రైవరు:

మాస్టారూ, మీ ఉద్దేశం మంచిదే కానీ ఈ పని చివరకు ఎవరి నెత్తిన పడుతుందో చూడండి. పొద్దున్నే ఎదుర్లంక దగ్గర చేపల తట్టతో ఎక్కే అమ్మ దగ్గర ఉండేది బటన్ ఫోను, అదీ తడవకుండా ప్లాస్టిక్ కవర్లో చుట్టి బొడ్లో దోపుకుని ఉంటుంది. ఆమె తరఫున నేనే బండి పక్కకు తీసి, నా ఫోనులో ఆమె పేరూ నంబరూ కొట్టాలి. ఈలోగా వెనుక వచ్చిన బండిలో మిగతావాళ్ళు ఎక్కిపోతారు. నమోదు చేయకుండా ఎక్కించుకున్నానని జరిమానా రాస్తే అది నాకు రాస్తారు గానీ ఆమెకు రాయరు. లాక్‌డౌన్‌లో బండి ఇంటి ముందు నిలబడిపోయాక, మళ్ళీ తిప్పుకోనిచ్చినప్పుడు సీట్లు తగ్గించి నడపమన్నారు. కిరాయి అలా పడిపోయినచోట జరిమానా భయం కూడా తోడైతే బండి తీయటమే మానుకుంటాం.

మా బండ్లలో ఇప్పటికే డబ్బులు తీసుకునే ఫోన్‌పే స్టిక్కరు ఉంది. పక్కనే ఇంకో కోడ్ ఉంటే ఏది దేనికో పెద్దవాళ్ళకు తెలియదు, ఎవరైనా దానిమీద దొంగ కోడ్ అంటించిపోతే డబ్బు పోగొట్టుకున్నవాళ్ళు నన్నే పట్టుకుంటారు. ఇక కాకినాడ నుంచి ముమ్మిడివరం వచ్చే బండి యానాం మీదుగా రావాలి, యానాం పుదుచ్చేరి పాలనలోది. అక్కడ ఎక్కి, వంతెన దాటి ఎదుర్లంకలో దిగినవారి వివరం ఏ ప్రభుత్వానికి చేరాలి? 2022 మే 24న అమలాపురంలో అల్లర్లు జరిగాక కోనసీమలో మొబైల్ ఇంటర్నెట్ చాలా రోజులు ఆపేశారు. అటువంటప్పుడు ఈ కోడ్ ఎందుకు పనికొస్తుంది?

రాజోలు ఆరోగ్య కార్యకర్త:

డ్రైవరు గారు చెప్పిన ఇబ్బందులు నిజమే, అయినా నమోదే వద్దంటే నేను ఒప్పుకోను. మండలానికి ఒకటి రెండు కేసులు ఉన్న తొలి రోజుల్లో, ఫలానా పూట ఫలానా బండిలో వచ్చినవారిని వెంటనే పట్టుకోగలిగితే వాళ్ళ ఇళ్ళలోని ముసలివాళ్ళను కాపాడుకోవచ్చు. 2021 ఏప్రిల్, మే నెలల పరిస్థితి వేరు. పరీక్ష ఫలితమే ఆలస్యంగా వస్తుంటే ఇంట్లోవాళ్ళను దాటి ఎవరినీ వెతకలేకపోయాం. మే 5 నుంచి మధ్యాహ్నం 12 గంటలకే కర్ఫ్యూ మొదలవటంతో ప్రయాణాలే తగ్గిపోయాయి. అటువంటి దశలో జాబితా ఎంత పొడుగున్నా, ఫోను చేసే మనిషి లేకపోతే అది ఎవరికీ ఉపయోగపడదు. అందువల్ల నమోదును ఏ దశలో ఆపేయాలో మొదలుపెట్టిన రోజే నిర్ణయించాలి.

బండ్లన్నిటినీ ఒకే గాటన కట్టటం కూడా సరికాదు. గాలి ద్వారా సోకే జబ్బుకు అద్దాలు బిగించి ఏసీ వేసిన కారు ఎక్కువ ప్రమాదకరం, రెండు వైపులా తెరిచి ఉన్న ఆటో అంత కాదు. వానకు పక్కల పరదాలు దించేస్తే మాత్రం ఆటోనూ నమ్మలేం.

స్కాన్ చేయటం ఒక్కటే మార్గం కాదు. దక్షిణ కొరియాలోని గోయాంగ్ నగరంలో 2020లో ఒక్కో చోటుకు ఒక్కో ఉచిత నంబరు ఇచ్చారు; వచ్చినవారు దానికి ఫోను చేస్తే చాలు, వారి నంబరూ సమయమూ నమోదై, నాలుగు వారాలకు చెరిగిపోయేవి. మన కేంద్ర ప్రభుత్వ కరోనా యాప్ ఆరోగ్య సేతు కూడా స్మార్ట్‌ఫోను లేనివారికోసం 1921కి మిస్డ్ కాల్ ఇచ్చే ఏర్పాటు చేసింది. మిస్డ్ కాల్ ఇవ్వటం మా ఊళ్ళలో చదువు రానివారికీ చేతనవును, దానికి ఇంటర్నెట్ అక్కర్లేదు.

భీమవరం న్యాయవాది:

మాస్టారు సింగపూర్‌ను ఉదాహరణగా చూపారు కనుక మిగతా కథ కూడా చెప్పాలి. అక్కడ ఎవరు ఎవరి దగ్గరగా ఉన్నారో నమోదు చేసే ట్రేస్‌టుగెదర్ అనే ప్రభుత్వ యాప్ సమాచారాన్ని వ్యాధి సోకినవారి జాడ తీయటానికే వాడతామన్నారు; 2021 జనవరిలో, నేర దర్యాప్తుకు పోలీసులు దాన్ని తీసుకోవచ్చని పార్లమెంటులోనే ఒప్పుకోవలసి వచ్చింది. జనం మండిపడ్డాక, ఫిబ్రవరిలో ఏడు రకాల తీవ్ర నేరాలకు పరిమితం చేస్తూ చట్టం తెచ్చారు. పశ్చిమ ఆస్ట్రేలియాలోనూ పోలీసులు ఇటువంటి వివరాలను తీసుకున్నారని బయటపడ్డాకే, 2021 జూన్‌లో చట్టం చేసి ఆపారు. న్యూజిలాండ్ మాత్రం స్కాన్ చేసిన వివరం ఎవరి ఫోనులో వారికే ఉండేలా యాప్ తయారుచేసుకుంది.

మన దేశంలో 2020 మే 1న ఉద్యోగులందరికీ ఆరోగ్య సేతు తప్పనిసరి అన్నది ఒక ఆదేశం మాత్రమే, దాని వెనుక ప్రత్యేక చట్టం ఏదీ లేదు. అదే నెల 17న దాన్ని సడలించారు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తేల్చింది. అయితే 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, అంటువ్యాధి ప్రబలినప్పుడు వైద్య సేవలకోసం మన సమ్మతి లేకుండానే సమాచారాన్ని వాడుకునే వీలు కల్పించింది. సర్వీసు ఆటో లెక్క ఉంటే ఎవరు ఏ ఆసుపత్రికి, ఏ సభకు, ఎవరి ఇంటికి వెళ్ళారో తెలిసిపోతుంది. పోలీసుల చేతికి ఇది వెళ్ళకూడదని చట్టంలో రాయనంతవరకు తప్పనిసరి అనే మాటకు నేను వ్యతిరేకిని.

అమలాపురం ఉపాధ్యాయుడు:

న్యాయవాది గారి షరతును అంగీకరిస్తున్నాను. మిస్డ్ కాల్ పద్ధతి నా ప్రతిపాదనకన్నా మెరుగైనదని కూడా ఒప్పుకుంటున్నాను, ఎందుకంటే పేరు అడగదు, నంబరు ఒక్కటే చాలు. ఇంటిల్లిపాదీ ఒకే ఫోనుతో ప్రయాణించినా ఆ నంబరుకు చేస్తే అందరి సంగతీ తెలుస్తుంది. తప్పనిసరి అన్నదాన్ని మాత్రం పూర్తిగా వదులుకోను: బండిలో నంబరు కనిపించేలా రాసి ఉంచటం డ్రైవరు బాధ్యత, కాల్ ఇవ్వటం ప్రయాణికుడి బాధ్యత. ఇవ్వనివారికోసం డ్రైవరును శిక్షించకూడదు. యానాం విషయంలో రెండు ప్రభుత్వాలూ ముందే ఒప్పందం చేసుకుని, వివరం ఎక్కిన చోటి ఆరోగ్య అధికారికి చేరేలా చూడాలి.

ముమ్మిడివరం ఆటో డ్రైవరు:

ఆ పద్ధతైతే నాకు అభ్యంతరం లేదు మాస్టారూ, నంబరు రేపే రాయిస్తాను. కానీ ఎవరికైనా పాజిటివ్ అని తేలిన రోజున ఆ బండి నంబరు వాట్సాప్ గ్రూపుల్లో తిరగకూడదు. కరోనా మొదటి ఏడాదిలో మా స్టాండులోని ఒకతనికి జబ్బు వచ్చిందని పుకారు పుట్టి, పరీక్షలో నెగెటివ్ అని వచ్చాక కూడా చాలాకాలం అతని బండి ఎవరూ ఎక్కలేదు. ఆ బండిలో వచ్చినవారికి మాత్రమే విడిగా ఫోను చేసి చెప్పండి. డ్రైవరును ఇంట్లో ఉండమంటే, ఆ రోజుల కిరాయి ఎవరిస్తారో కూడా అదే ఉత్తర్వులో రాయించండి.