ఐర్లాండ్‌లో ప్రాథమిక బడులు చర్చి యాజమాన్యంలోనే కొనసాగాలా?

డబ్లిన్ తండ్రి

ప్రభుత్వం జీతాలిచ్చి నడిపే ప్రాథమిక బడుల యాజమాన్యం ఐర్లాండ్‌లో ఇంకా కాథలిక్ చర్చి చేతిలో ఉండడం సబబేనా? కాదన్నది నా వాదన. మిగతావారి అభిప్రాయం తెలుసుకోవాలని ఉంది.

మా అమ్మాయి రెండో తరగతి. ఇక్కడ కాథలిక్ పిల్లలు మొదటి దివ్యసత్ప్రసాదం (ఫస్ట్ కమ్యూనియన్; ఆ వేడుకకు ఆడపిల్లలు తెల్లగౌను వేసుకుంటారు) తీసుకునేది ఆ ఏడాదే. దానికి కావలసిన తయారీ బడి వేళల్లోనే, తరగతి గదిలోనే, టీచరే చేయిస్తారు. మేము హిందువులం కనుక మినహాయింపు అడిగాము, ఇచ్చారు. ఆచరణలో మినహాయింపు అంటే తక్కిన పిల్లలు పాటలు నేర్చుకుంటున్నంతసేపూ మా పిల్ల అదే గదిలో వెనక బల్ల మీద కూర్చుని బొమ్మలకు రంగులు వేసుకోవడం. మార్చి వచ్చేసరికి ఆ పాటలన్నీ దానికీ కంఠతా వచ్చేశాయి. నాకు తెల్లగౌను ఎందుకు కొనలేదని ఒక రాత్రి అన్నం తింటూ అడిగితే, నా భార్యకూ నాకూ ఏం చెప్పాలో తోచలేదు. ప్రభుత్వ సొమ్ము అందుకునే బడిలో మతబోధకు హాజరు కాకుండా ఉండే హక్కు పిల్లలకు 1937 నాటి రాజ్యాంగంలోనే, 44వ అధికరణంలో ఉంది. ఆ హక్కు మా పిల్లకు వెనక బల్ల దాకానే అందింది.

ఈ దేశం మారలేదని నేను అనడం లేదు. గర్భస్రావ నిషేధాన్ని రాజ్యాంగంలో చేర్చాలని 1983లో నూటికి 67 మంది ఓటేశారు. 2018లో దాన్ని తీసేయాలని 66 మంది ఓటేశారు. స్వలింగ వివాహాలను 2015లో ప్రజల ఓటుతోనే ఆమోదించారు. జనగణనలో కాథలిక్కుల వాటా 2016లో 79 శాతం, 2022లో 69 శాతం. అయినా ప్రాథమిక బడులలో పదింట దాదాపు తొమ్మిదికి నేటికీ కాథలిక్ చర్చే పేట్రన్, అంటే బడి స్వభావాన్ని నిర్ణయించే యజమాని. ఓటుతో మారినవి చట్టాలు. స్థలం, భవనం, యాజమాన్య మండలి ఎవరివన్నది ఏ ఓటుకూ రాలేదు. సమాజంలో మతానికి ఎంత బలం ఉందో తెలుసుకోవడానికి జనగణన ఒక్కటే చూస్తే సరిపోదని నేను అనేది ఇందుకే.

లిమరిక్ పాఠకుడు

మీ అమ్మాయి సంగతి చదివి బాధ కలిగింది. అయినా ముగింపుతో ఏకీభవించలేను.

ఈ ఏర్పాటు చర్చి లాక్కున్నది కాదు. 1831లో బ్రిటిష్ పాలకులు జాతీయ పాఠశాలలు పెట్టినప్పుడు అన్ని శాఖల పిల్లలూ కలిసి చదవాలన్నదే ఉద్దేశం. ఆ శతాబ్దం గడిచేలోపు కాథలిక్కులూ ప్రొటెస్టెంట్లూ ఎవరి బడులు వారివిగా చేసుకున్నారు. స్వాతంత్ర్యం నాటికి రాజ్యం పేదది. చాలా ఊళ్ళలో విచారణ (పారిష్) గురువులు చందాలు పోగుచేసి, విశ్వాసులు ఇచ్చిన నేలలో బడి కట్టించారు. ఇప్పుడు ప్రభుత్వం జీతాలిస్తున్నంత మాత్రాన ఆ నేల ప్రభుత్వానిదై పోదు. మార్పు అసలే లేదనడమూ సరికాదు: సీట్లు చాలనప్పుడు జ్ఞానస్నాన పత్రం ఉన్న పిల్లలకు ముందు చోటిచ్చే పద్ధతిని కాథలిక్ ప్రాథమిక బడులలో 2018 చట్టం ఆపేసింది.

జనగణన అంకెల గురించి ఒక్క మాట. 2016 వరకు ప్రశ్న ‘మీ మతం ఏది’ అని ఉండేది. 2022లో ‘మీకు మతం ఉంటే అది ఏది’ అన్న అర్థం వచ్చేలా మార్చారు. ఆ పది శాతం తగ్గుదలలో కొంత ప్రశ్న మారినందువల్ల వచ్చినది కావచ్చు.

గుంటూరు మాస్టారు

నేను మా జిల్లాలో ఒక ఆర్.సి.ఎం. ఎయిడెడ్ బడిలో చదువుకున్నాను, తరవాత అలాంటి బడిలోనే పాఠాలు చెప్పాను. అక్కడా జీతం ప్రభుత్వానిదే, యాజమాన్యం మేత్రాసనానిదే (బిషప్ పరిధిలోని డయోసీస్‌దే). అయితే మా దగ్గర కాథలిక్కులు అల్పసంఖ్యాకులు. భారత రాజ్యాంగం 30వ అధికరణం ఆ బడులకిచ్చే రక్షణ అందుకే. పైగా నడిచి వెళ్ళే దూరంలో పంచాయతీ బడి కూడా ఉండేది. ఐర్లాండ్‌లో చాలా ఊళ్ళకు ఉన్న ఒకే ఒక్క బడి కాథలిక్ బడి. ఇష్టం లేకపోతే ఇంకో బడి చూసుకోండి అనే మాట ఫిరంగిపురంలో చెల్లుతుంది, అక్కడ చెల్లదు.

కార్క్ నర్సు

నేను కాథలిక్కును. గుణదల మాత తిరునాళ్ళకు చిన్నప్పుడు మా నాయనమ్మ చెయ్యి పట్టుకుని నడిచి వెళ్ళినదాన్ని. ఇక్కడా ఆదివారం పూజ మానను. అయినా సత్ప్రసాద తయారీ బడి నుంచి విచారణకు, అంటే పారిష్ గుడికి, రావాలని కోరుకుంటున్నాను.

కారణం నా విశ్వాసమే. మే నెలలో మా గుడి నిండిపోతుంది. తెల్లగౌన్లు, కొత్త సూట్లు, ఆ తరవాత ఇంటి పెరట్లో గాలితో ఉబ్బించే ఆటకోట, పిల్లల చేతికి డబ్బు కవర్లు. మరుసటి ఆదివారానికి మా బెంచీ ముందూ వెనకా ఖాళీ. ఆ తల్లిదండ్రులను నిందించను. తరగతి మొత్తం వెళుతుంటే తమ బిడ్డ ఒక్కతే ఎందుకు ఆగాలని వాళ్ళు అనుకుంటారు, అంతే. ఆ సంస్కారం (పవిత్ర కర్మ) విలువ తెలిసి అడిగి తీసుకునేది కావాలి. బడి టైంటేబుల్ దాన్ని అలా ఉండనివ్వదు.

ఇంకొకటి, నర్సుగా చెప్పవలసింది. బెళగావిలో పెరిగిన దంతవైద్యురాలు సవితా హలప్పనవర్ 2012 అక్టోబర్‌లో గాల్వేలో చనిపోయారు. గర్భం నిలవదని తెలిసి తొలగించమని ఆమె కోరినా, పిండం గుండె కొట్టుకుంటోందని నిరాకరించారు. సెప్సిస్ ప్రాణం తీసింది. ఇది కాథలిక్ దేశం అన్న మాట ఆసుపత్రిలో ఆమె వినవలసి వచ్చిందని మరణంపై జరిగిన న్యాయవిచారణలో బయటపడింది. నా మతం పేరు ఒక రోగికి అలాంటి సమయంలో జవాబుగా వినిపించడాన్ని నేను ఇప్పటికీ భరించలేను. ప్రజలందరి సంస్థలను తన చేతిలో ఉంచుకున్నంత కాలం తిరుసభకు (కాథలిక్ చర్చికి) ఈ మచ్చ అంటుతూనే ఉంటుంది.

లిమరిక్ పాఠకుడు

నర్సుగారి మాట నన్ను ఆలోచింపజేసింది. ఒక సందేహం మాత్రం తీరలేదు. చేతులు మార్చడానికి అనేక బడులలో తల్లిదండ్రులే ఒప్పుకోవడం లేదు. పూజకు వెళ్ళనివారు కూడా ఊరి బడి ఎలా ఉన్నదో అలాగే ఉండాలంటున్నారు. 2030 నాటికి 400 బహుమత (ఏ ఒక్క మతానికీ చెందని) బడులన్న ప్రభుత్వ లక్ష్యం నత్తనడక నడవడానికి అదీ ఒక కారణం. వారి అభిప్రాయాన్ని కాదని ఎలా ముందుకు వెళ్ళడం?

డబ్లిన్ తండ్రి

ఇది న్యాయమైన ప్రశ్న. యాజమాన్యం మారాలన్న నా అభిప్రాయం మారలేదు, కానీ దాన్ని మొదటి మెట్టు చేయడం పొరపాటని ఈ చర్చలో నాకు అర్థమైంది. భూమి, ఆస్తి అనగానే ఊరంతా కాపలాకు నిలబడుతుంది. సంస్కార తయారీని బడి వేళల నుంచి బయటకు తేవడానికి ఎవరి ఆస్తీ చేతులు మారనక్కరలేదు. ఎడ్యుకేట్ టుగెదర్ అనే సంస్థ నడిపే, ఏ ఒక్క మతానికీ చెందని బడులలో మతబోధ కావలసిన తల్లిదండ్రులు బడి అయ్యాక అక్కడే తరగతులు పెట్టుకోవచ్చు. మా బడి రెండున్నరకు వదులుతారు. రెండున్నర తరవాత అదే గదిలో, అదే టీచరు, ఇష్టమున్న పిల్లలకు ఆ పాటలు నేర్పితే నాకు ఏ అభ్యంతరమూ లేదు. వచ్చే వారం తల్లిదండ్రుల సంఘం సమావేశంలో ఇంతవరకే అడగబోతున్నాను. నర్సుగారు తన మొదటి పేరా నాలుగు మాటల్లో ఇంగ్లీషులో రాసిస్తే, వారి అనుమతితో అక్కడ చదివి వినిపిస్తాను.