2019 ప్రపంచకప్‌కు రాయుడిని పంపకపోవడం సబబేనా?

మిర్చియార్డు:
విదేశీ టూర్‌కు జట్టు ప్రకటించినప్పుడల్లా నాకు 2019 ఏప్రిల్ 15 గుర్తొస్తుంది. ఇంగ్లండ్‌లో ప్రపంచకప్‌కు 15 మంది పేర్లు చదివారు, అంబటి రాయుడు లేడు. అంతకు ఆరు నెలల ముందు ముంబైలో వెస్టిండీస్ మీద సెంచరీ కొట్టాక, నాలుగో స్థానంలో అతన్నే ప్రపంచకప్ దాకా ఆడించాలని కెప్టెన్ కోహ్లీ నోటితోనే అన్నాడు. 55 వన్డేల్లో 47 సగటు. వెల్లింగ్టన్‌లో న్యూజిలాండ్ మీద 18కే 4 వికెట్లు పోతే 90 కొట్టి గెలిపించాడు. సెమీస్‌లో మాంచెస్టర్‌లో మళ్లీ అదే న్యూజిలాండ్, అదే హెన్రీ, అదే బౌల్ట్ బౌలింగ్. మనవాళ్లు 5కే 3, 24కే 4. చివరికి 18 పరుగులతో ఓడాం. ఇది ఎంపికలో తప్పు కాదంటే నేనొప్పుకోను.

వరంగల్‌ఓపెనర్:
అన్నా, వెల్లింగ్టన్ ఒక్కటే చెప్తున్నవ్. దానికి మూడు రోజుల ముందు హామిల్టన్‌ల టీమ్ మొత్తం 92కే ఆలౌట్ అయింది, అండ్ల రాయుడు డకౌట్. మార్చిల ఆస్ట్రేలియా మీద 13, 18, 2. తర్వాత మొహాలీల, ఢిల్లీల ఆడియ్యనే లేదు. ఫామ్ పోయిందని అందరికీ తెల్సు. నువ్వు చెప్పే వెల్లింగ్టన్‌ల రెండో ఎండ్‌ల నిలబడి 45 కొట్టింది ఎవరు? విజయ్ శంకర్. నాగ్‌పూర్‌ల ఆస్ట్రేలియాకు ఆఖరి ఓవర్ల 11 కావాల్నంటే రెండు వికెట్లు తీసి గెలిపించింది ఎవరు? ఆయనే. రాయుడి జాగల తీస్కున్నది ఆయన్నే. రాయుడు బౌలింగ్ యాక్షన్ మీద సిడ్నీల రిపోర్టయింది, ఐసీసీ బౌలింగ్ ఆపేసింది. మరి 15 మందిల ఎవర్ని తీస్కుంటరు?

డల్లాస్‌తెలుగు:
జట్టు ప్రకటించిన మర్నాడు రాయుడు ఆ ట్వీట్ పెట్టకుండా ఉండాల్సింది. విజయ్ శంకర్ బ్యాటింగ్, బౌలింగ్, ఫీల్డింగ్ మూడూ చేసే 'త్రీ డైమెన్షనల్' ఆటగాడని సెలెక్టర్లు అంటే, ప్రపంచకప్ చూడ్డానికి త్రీడీ అద్దాలు ఆర్డర్ చేశానని రాస్తే ఏ సెలెక్టర్‌కి నచ్చుతుంది?

మిర్చియార్డు:
13, 18, 2 అని ఎన్నిసార్లు రాస్తారండీ? మూడు ఇన్నింగ్స్! ఏడాది పాటు చేసింది మూడు ఇన్నింగ్స్‌తో కొట్టుకుపోతుందా? మూడు విఫలమైతే తీసేయాలంటే ఆ జట్టులో సగం మంది ఏదో ఒక నెలలో ఇంటికెళ్లాలి.

వరంగల్‌ఓపెనర్:
మూడు కాదు, టైమ్ ముఖ్యం. ప్రపంచకప్‌కు ముందు మనకున్న ఆఖరి వన్డే సిరీస్ అది. పైగా 2018 నవంబర్ల ఫస్ట్ క్లాస్ క్రికెట్ ఇడిసిపెట్టిండు. ఫామ్ పోతే రంజీల తెచ్చుకునే దారి తనే మూసుకున్నడు. ఇంగ్లండ్‌ల బాల్ స్వింగ్ అయితది, ఎర్రబంతి ఆడనోడు ఏం చేస్తడు?

రంజీప్రేక్షకుడు:
ప్రపంచకప్ తెల్లబంతితో అండీ.

బోయపాలెం_బాబాయ్:
అసలు మాట ఎవరూ అనట్లేదు. సెలక్షన్ కమిటీ చైర్మన్ ఎమ్మెస్కే ప్రసాద్ గారిది గుంటూరు, రాయుడు పుట్టింది గుంటూరు. మనవాడు కుర్చీలో ఉండి కూడా మనవాణ్ణి పంపలేకపోయాడు. వేరే రాష్ట్రం వాళ్లయితే ఇలా వదిలేవాళ్లా?

మిడాఫ్_మాస్టారు:
బాబాయ్ గారూ, ఈ మాటకే నాకు ఒళ్లు మండుతుంది. నేను జిల్లా అండర్-16 ఎంపికలకు కూర్చున్నాను. జాబితా రాసే ముందు రోజు నుంచీ ఫోన్లే. మావాడు, మన ఊరివాడు, మా బావమరిది కొడుకు. పేరు లేదని తెలిశాక ఇరవై ఏళ్లుగా భోజనాలకు పిలిచే ఇంటివాళ్లు నాతో మాట మానేశారు. ఊరు చూసి పంపితే దాన్ని ఎంపిక అనరు. ప్రసాద్ గారి నిర్ణయాన్ని క్రికెట్ పరంగా ఎంతైనా తిట్టండి, మనవాడన్న మాట మాత్రం తేవద్దు.

రంజీప్రేక్షకుడు:
ఆ కమిటీలో అయిదుగురూ కలిపి ఆడినవి 13 టెస్టులు. అదీ చూడాలి.

మిర్చియార్డు:
మాస్టారూ, సెలెక్టర్ల బాధ బాగానే చెప్పారు. బయట నిలబడ్డవాడి బాధ కూడా వినండి. మా పెద్దాడికి ఒక టోర్నీకి స్టాండ్‌బై అని గోడకు జాబితా అంటించారు. కిట్ సర్దుకుని కూర్చున్నాడు. జట్టులో ఒకడికి వేలు విరిగింది. ట్రయల్స్‌కే రాని కుర్రాణ్ణి పంపారు. మావాడికి ఎందుకు పిలవలేదో చెప్పిన మనిషి లేడు. ఆ బ్యాటు తర్వాత వాడు పట్టలేదు. మీ 13, 18, 2 నాకొద్దు!

వరంగల్‌ఓపెనర్:
అన్నా, మీ కొడుకు సంగతి బాధే. కానీ గిది మొదట్నే చెప్తే సగం లొల్లి ఉండకపోవు. నీ కోపం ఏప్రిల్ 15 మీద కాదు, జులై 1 మీద.

మిర్చియార్డు:
అవును, దాని మీదే. రాయుడిని, పంత్‌ని స్టాండ్‌బై అన్నారు. ధావన్ బొటనవేలు విరిగితే పంత్ వెళ్లాడు, మంచిదే. రాహుల్ ఓపెనింగ్‌కు వెళ్లాడు, నాలుగో స్థానం ఖాళీ అయింది. అక్కడికొచ్చిన విజయ్ శంకర్‌కూ కాలివేలికి దెబ్బ తగిలింది. ఇప్పుడు వరుసలో ఉన్నది ఎవరు? అయినా జులై 1న పిలిచింది అప్పటికి ఒక్క వన్డే కూడా ఆడని మయాంక్ అగర్వాల్‌ని. రెండు రోజులకు, జులై 3న, రాయుడు క్రికెట్‌కే దండం పెట్టేశాడు. ఏప్రిల్‌లో తీసుకోకపోవడం ఒక అభిప్రాయం అనుకుందాం. స్టాండ్‌బై అని పేరు రాశాక దాటేసి పోవడం మాట తప్పడం.

వరంగల్‌ఓపెనర్:
రాహుల్ ఫీల్డింగ్‌ల పడ్డడు, బ్యాకప్ ఓపెనర్ కావాలని టీమ్ మేనేజ్‌మెంట్ అడిగిందని ప్రసాద్ గారు చెప్పిండ్రు. ఓపెనర్ కావాల్నంటే నాలుగో నంబర్ బ్యాట్స్‌మన్‌ను పంపుతరా? స్టాండ్‌బై అంటే రేషన్ క్యూ కాదు, ముందు నిల్చున్నోడికే ఇయ్యనీకి. అప్పుడు ఏం లోటుందో దాన్ని బట్టి పిలుస్తరు.

మిడాఫ్_మాస్టారు:
ఆ వివరణ ఎప్పుడు వచ్చిందో కూడా రాయండి. జులై 21న, వెస్టిండీస్ టూర్ జట్టు ప్రకటించేటప్పుడు. అప్పటికి రాయుడు తప్పుకుని పద్దెనిమిది రోజులైంది. నేను విజయ్ శంకర్ ఎంపికను సమర్థిస్తాను, మయాంక్‌ను పిలవడంలో తర్కం ఉందనీ అంటాను. స్టాండ్‌బైలో పెట్టిన ఆటగాణ్ణి పక్కన పెడితే ఆ రోజే అందరికీ కారణం చెప్పాలి. జిల్లా జట్టుకైనా, దేశం జట్టుకైనా.

వరంగల్‌ఓపెనర్:
ప్రపంచకప్ నడుస్తుంటే రాహుల్ నడుము మీద డౌటుందని ఎదుటి టీమ్‌లకు చెప్పుకుంటరా మాస్టారూ? గప్పుడు చెప్పకపోవుడే కరెక్ట్.

మిర్చియార్డు:
లోకానికి వద్దు, అతనికి చెప్పాలి. దీని మీద నేను వెనక్కి తగ్గను.

డల్లాస్‌తెలుగు:
సెమీస్‌లో ధోనీని ఏడో స్థానంలో పంపింది ఎవరో, దాని గురించి ఎవరైనా మాట్లాడతారా?